గాలికి చిరగని మూల

భయమంటే ఏమిటో నాకు ఆ ఎన్నికల ఎండాకాలంలోనే తెలిసింది. అంతకుముందు నేను భయపడ్డవన్నీ చెప్తే నవ్వుతారు. బొద్దింకలు, గడువు రోజు పొద్దున్నే పోయే కరెంటు, అంగుళం పొట్టిగా కత్తిరించేసిన పరదా. నోరు విప్పడానికి మాత్రం ఎప్పుడూ భయపడలేదు. ఆ నోరే కొంప ముంచింది.

నేనూ మా అత్తయ్యా కలిసి టైలరింగ్ షాపు నడుపుతాం. ముందు గదిలో రెండు మిషన్లు, కత్తిరించే బల్ల. వెనక రెండు గదుల్లో కాపురం. మా ఆయన బస్సు కండక్టరు, పొద్దున పోతే సాయంత్రానికి వస్తాడు. పెళ్ళై వచ్చిన కొత్తలో నాకు బొత్తాం కుట్టడం కూడా రాదు. పదహారేళ్ళలో అత్తయ్య అన్నీ నేర్పింది, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ మూల. అత్తయ్య వయసులో ఉన్నప్పుడు లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే కంపెనీలో పనిచేసింది. తాడు కట్టేది మూలకే, గాలికి ముందు చిరిగేదీ మూలే. అత్తయ్య మడిచిన మూల చిరగదు. మడత లోపల ఏదో చేస్తుంది. పైకి మాత్రం మూడు చుట్ల ముక్కోణం కుట్టు కనిపిస్తుంది, దారం కొస ఎంత వెతికినా దొరకదు. "నేర్పండత్తయ్యా" అంటే, "పోయేముందు చెప్తాలేవే" అనేది. "అయితే నాకేం తొందర లేదులెండి" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

టైలర్ల కోసం నేనొక ఆన్‌లైన్ గ్రూపు పెట్టాను. పేరు సూదీ-దారం. పాతిక మందితో మొదలైంది, ఆ ఎండాకాలానికి తొమ్మిది వేల మంది. అందరికీ నేను అడ్మినక్కని. గ్రూపులో మొదటి రూలు నేనే రాశాను: "ఇక్కడ కుట్టుపని మాత్రమే. రాజకీయం మాట్లాడితే ఎవరైనా సరే గెంటేస్తాను." గెంటేశాను కూడా, ఏడుగుర్ని. గర్వంగానే ఉండేది నాకు.

ఎన్నికలు దగ్గరపడేసరికి గ్రూపు ఉడుకుతున్న పాల గిన్నెలా అయింది, మూత తీస్తే చాలు పొంగేట్టు. ఒకరోజు పొద్దున్నే జిప్పు ఒక పోస్టు పెట్టింది. జిప్పు అంటే ఊరవతల బ్యాగులు, జిప్పులు బాగుచేసే అమ్మాయి. నేనెప్పుడూ చూడలేదు, గ్రూపులోనే పరిచయం. పోస్టు ఇలా మొదలైంది: "మన ఊరి ఆస్పత్రిలో కాన్పుల వార్డు మూసేశారు కదా. రాత్రి మా చెల్లిని పక్క ఊరికి ఆటోలో తీసుకెళ్తుంటే..." దాని కింద అప్పటికే బటన్ల బాబాయ్ విరుచుకుపడుతున్నాడు. ఆయనకి బజార్లో బటన్ల కొట్టు ఉంది, ఎన్నికలొస్తే వార్డు మూయించిన ఆ నాయకుడికే జెండాలు కుట్టిస్తాడు. "మా నాయకుడి మీద బురద చల్లడానికా ఈ గ్రూపు? అడ్మిన్ నిద్రపోతోందా?" అని రాశాడు.

నన్ను నిద్రపోతోందా అంటాడా! తీసిపారేశాను, పోస్టూ, దాని కింద ఆయన అరుపులూ అన్నీ కలిపి.

జిప్పు నాకు విడిగా మెసేజ్ పెట్టింది. "మొత్తం చదివావా అక్కా?"

"రాజకీయమని తెలియడానికి రెండు లైన్లు చాలమ్మా."

"కుట్టేవాళ్ళు పిల్లల్ని కనరా అక్కా?"

ఫోన్ పక్కన పెట్టి మిషను ముందు కూర్చున్నాను.

అత్తయ్యకి పొద్దున్నే టీతో పాటు నా ఫోన్ తీసుకుని గ్రూపంతా చదవడం అలవాటు. ఆరోజు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "ఆ పిల్ల రాసింది తీసేశావేం?"

"మనకెందుకత్తయ్యా ఈ రాజకీయాలు? తొమ్మిది వేల మందీ జుట్లు పట్టుకుంటారు."

అత్తయ్య దారం పంటితో తెంపింది. "సరే" అంది. పదహారేళ్ళుగా చూస్తున్నాను, ఆవిడ గొడవపడితే ఏమీ కాదు. 'సరే' అంటేనే నేను జాగ్రత్తపడాల్సింది.

ఆ తర్వాత వారం రోజులు అత్తయ్య వెనక గదిలో ఏదో తెల్లగుడ్డ కుట్టింది. ఏంటని అడిగితే "నర్సమ్మకి పరదా" అంది. నర్సమ్మ అదే ఆస్పత్రిలో పనిచేస్తుంది, మా పాత ఖాతాదారు. ఇంత పొడుగు పరదా ఏంటో అనుకున్నాను గానీ చేతినిండా పనిలో పట్టించుకోలేదు.

అప్పుడే వంతెన గొడవ జరిగింది. నాయకుడు జీపులో నిలబడి ఊరేగుతూ వంతెన కిందకి వచ్చేసరికి, పైనుంచి పెద్ద గుడ్డ బ్యానరు కిందకి జారిందట. "కాన్పుల వార్డు తెరిచాకే ఓటు అడుగు." అక్షరాలు కూడా గుడ్డతో కత్తిరించి కుట్టినవే. సరిగ్గా దాని కింద ఆయన చేతులు జోడించి నవ్వుతున్న ఫొటో ఊరంతా తిరిగింది.

మూడోరోజు వంతెన వాచ్‌మన్ మా షాపుకొచ్చాడు. కుడిచేతికి మోచేయి దాకా సిమెంటు కట్టు. చొక్కా చెయ్యి దాని మీదకి ఎక్కట్లేదు, చీల్చి గుండీలు పెట్టమన్నాడు.

"పడ్డావా అన్నా?" అన్నాను.

"పడలేదమ్మా. ఆ నాయకుడి మనుషులొచ్చి బ్యానరు కుట్టిందెవరో చెప్పమన్నారు. నాకేం తెలుసు, నేను టీ తాగడానికెళ్ళా అన్నాను. నమ్మలేదు." గొంతు తగ్గించాడు. "కుట్టినవాళ్ళు దొరికేదాకా వదలరట."

"బుద్ధిలేని జనం. ఎవరో చేసిందానికి నీ చెయ్యి విరిగింది. ఇలాంటివి కుట్టేవాళ్ళకి ముందూ వెనకా చూపుండదా అసలు?" అని గట్టిగానే అన్నాను.

అత్తయ్య మిషను మీద నుంచి తల ఎత్తలేదు. ఆ చొక్కా పని తనే తీసుకుని, తనే కుట్టి, డబ్బులొద్దు పొమ్మంది.

మా గ్రూపులో శుక్రవారం శుక్రవారం ఒక ఆట ఆడతాం. ఎవరో ఒక కుట్టుని దగ్గర్నించి ఫొటో తీసి 'ఎవరి చెయ్యి?' అని పెడతారు. కుట్టు చూసి ఎవరి పనో చెప్పాలి. మిగతావాళ్ళకి వింతగా ఉంటుందేమోగానీ, మాకు చేతిరాత గుర్తుపట్టినట్టే. ఆ శుక్రవారం మధ్యాహ్నం జిప్పు ఒక ఫొటో పెట్టింది. తెల్లగుడ్డ మూల, అంతే. మూడు చుట్ల ముక్కోణం. దారం కొస లేదు.

ప్రాణం లేచొచ్చింది నాకు! వెంటనే రాసేశాను: "ఇది మా అత్తగారి చెయ్యి! ఈ మూల ప్రపంచంలో ఇంకెవరికీ రాదు. ఛాలెంజ్!" లైకులే లైకులు. "అత్తగారికి దండాలు", "అడ్రస్ చెప్పక్కా, వచ్చి నేర్చుకుంటాం." ఒక్కొక్కరికీ జవాబిస్తూ కూర్చున్నాను మురిసిపోతూ.

పావుగంట తర్వాత జిప్పు విడిగా రాసింది. "అక్కా, నీ కామెంటు తీసెయ్. ఇప్పుడే తీసెయ్. అది వంతెన మీది బ్యానరు మూల. పని బాగుందని పెట్టాను. రాజకీయం వద్దన్నావని అక్షరాలు కనపడకుండా కత్తిరించి మూల ఒక్కటే పెట్టాను. నువ్వు పేరు చెప్తావనుకోలేదక్కా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కామెంటు తీసేశాను, పోస్టు తీసేశాను. కంగారులో ఒకసారి వేరే ఎవరిదో పోస్టు తీసేశాను. ఫోన్ బల్లమీద బోర్లా పెట్టేసి అత్తయ్య వైపు తిరిగాను.

"పరదా అన్నారు కదా?"

అత్తయ్యకి నా మొహం చూడగానే అర్థమైంది. మిషను ఆపింది. "నర్సమ్మకే ఇచ్చాను. ఏ కిటికీకని నువ్వు అడగలేదు."

"చంపేస్తారు అత్తయ్యా! వాచ్‌మన్ చెయ్యి చూశారుగా? ఎందుకు చేశారీ పని?"

"ఆ పిల్ల రాసింది నువ్వు తీసేశావు. తీసేసేలోపు నేను చదివాను" అంది. ఏం చదివారని నేను అడగలేదు. అడిగే స్థితిలో లేను.

ఆ సాయంత్రమే బొమ్మలేని ఒక ప్రొఫైలు నుంచి మెసేజ్ వచ్చింది. నా కామెంటు ఫొటో. కింద ఒక్క లైను: "అత్తగారికి మా నమస్కారాలు. ఆర్డరుంది, షాపు ఎక్కడో వెతుక్కుని వస్తాం."

మా ఆయనకి చెప్తే తిట్టలేదు. తిడితే బాగుండేది. నాలుగు చెమ్చాల చక్కెర వేసుకుని ఆ టీ తాగకుండానే లేచాడు. "అమ్మా, పొద్దున బస్సులో చెల్లెలి ఊరు వెళ్ళిపో" అన్నాడు.

"నేను పోతే వాళ్ళు ఊరుకుంటారా? నీ పెళ్ళాం చెయ్యి విరుస్తారు. నేనెక్కడికీ పోను" అంది అత్తయ్య.

నాలుగు రోజులు గడిచాయి. షాపు ముందు ఏ బండి ఆగినా మిషను ఆపేసేదాన్ని. సగం దించిన షట్టరు కింద నుంచి కాళ్ళు చూసి, చెప్పులు ఆడవాళ్ళవా మగవాళ్ళవా అని చూసుకుని అప్పుడు ఎత్తేదాన్ని. కొలతలు తప్పు రాశాను. ఒకావిడ జాకెట్టుకి రెండు కుడిచేతులు కుట్టాను. మిషను దగ్గర అత్తయ్య వీపు కనిపిస్తే చాలు, నా వల్లే, నా పాడు నోటివల్లే అని ఏడుపొచ్చేది.

ఐదోరోజు మధ్యాహ్నం వచ్చారు ఇద్దరు. ఒకడు గళ్ళ చొక్కా, ఒకడు తెల్ల చొక్కా. మర్యాదగా చెప్పులు బయట విడిచారు. దానికే నాకు ఇంకా భయమేసింది. గళ్ళ చొక్కా జేబులోంచి ఒక గుడ్డముక్క తీసి బల్లమీద పరిచాడు. బ్యానరు నుంచి కోసుకొచ్చిన మూల.

"ఇలాంటిది ఒకటి కుట్టివ్వమ్మా" అన్నాడు అత్తయ్యతో.

అత్తయ్య ఆ ముక్కని ముట్టుకోలేదు. వేరే గుడ్డ తీసుకుంది. సూదిలో దారం ఎక్కించడానికే నాలుగుసార్లు పట్టింది. అత్తయ్య! కళ్ళు మూసుకుని ఎక్కించగలదు. ఆ తడబాటు నటనో నిజమో నాకిప్పటికీ తెలీదు. చివరికి ఒక వంకర మూల కుట్టి, దారం కొసలు వేలాడుతూ ఉంటే, బల్లమీదకి తోసింది. "ఇంతకన్నా రాదు బాబూ. కళ్ళు మందగించాయి." పనిలో ఒక్క వంకర కుట్టు కూడా బయటికి పోనివ్వని మనిషి.

గళ్ళ చొక్కా ఫోన్ తీసి నా కామెంటు నాకే చదివి వినిపించాడు. "ప్రపంచంలో ఇంకెవరికీ రాదన్నావు. ఛాలెంజ్ అన్నావు."

నోరు దానంతటదే తెరుచుకుంది. "గొప్పకి రాశానండీ. అత్తగారిని నలుగుర్లో పొగిడితే ఇంట్లో నాలుగు రోజులు గొడవుండదు కదా. ఈ మూల మా గ్రూపులో అందరికీ వచ్చు."

తెల్ల చొక్కా నవ్వాడు. గళ్ళ చొక్కా నవ్వలేదు. "అందరికీ వచ్చా? అయితే రేపు సాయంత్రం వస్తాను, చూపించు." వెళ్ళబోతూ అత్తయ్య కుడిచెయ్యి తీసుకున్నాడు, అరచెయ్యి తిప్పి చూశాడు. ఎంతో మెత్తగా చెప్పాడు. "ఈ వయసులో విరిగితే అతుక్కోదమ్మా."

వాళ్ళు వెళ్ళాక నేను కింద కూలబడ్డాను. "ఎంత మాట అనేశానత్తయ్యా! అందరికీ వచ్చని చెప్పేశాను. ఇప్పుడేం చూపించను?"

అత్తయ్య ఆ వంకర మూలని కత్తెరతో ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. కుర్చీ లాగి నా మిషను పక్కన కూర్చుంది. "లే. ఫోన్ పెట్టు. నీ చేతులే కనిపించాలి, నావి కాదు. నేను చెప్తాను, నువ్వు కుట్టు."

"ఏం కుట్టను?"

"మూల. అందరికీ నేర్పేద్దాం."

పదహారేళ్ళు దాచుకున్నది పది నిమిషాల్లో చెప్పేసింది. మడత లోపల నాడా ముక్క ఐమూలగా వెయ్యాలి. సూది గుడ్డలో దిగి ఉండగానే మిషను పాదం ఎత్తి గుడ్డ తిప్పాలి. మూడో చుట్టు అయ్యాక దారం పైన తెంపకుండా మడత లోపలికి లాగి అక్కడ ముడి వెయ్యాలి. అంతే. మొదటిది తప్పాను, రెండోది కుదిరింది.

"ఇంతేనా అత్తయ్యా? దీనికేనా ఇన్నేళ్ళు ఊరించారు?"

"తెలిసిపోతే ఇంతే కదే" అంది. లేచి వెనక్కి వెళ్ళింది. కుళాయి చాలాసేపు పారింది. మొహం కడుక్కుని వచ్చినా కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. ఆవిడకంటూ సొంతంగా ఉన్నది ఆ మూల ఒక్కటే. దాన్ని నా నోటి తప్పుకి బదులుగా ఇచ్చేసింది.

వీడియో కింద ఇలా రాశాను: "ఇవాళ్టి పాఠం, గాలికి చిరగని మూల. అందరూ కుట్టి రేపు సాయంత్రంలోపు ఫొటో పెట్టండి. రాజకీయం వద్దు." ఇంకొక్క ముక్క కూడా రాయలేదు. రాయాలంటే భయం, మా మధ్యే వాళ్ళ మనిషి ఉన్నాడు కదా.

పొద్దున లేచేసరికి పదమూడు మూలలు. పదమూడే! టీ కూడా మింగుడుపడలేదు. ఎనిమిదింటికి జిప్పు ఒకటి పెట్టింది, పాత స్కూలు బ్యాగు గుడ్డ మీద. తర్వాత ఎలా మొదలైందో గానీ ఆగలేదు. జీన్సు మూల, దుప్పటి మూల, జేబురుమాలు మూల, ఆకుపచ్చ దారం, పసుపు దారం. ఎవరూ ఏమీ అడగలేదు. కొందరైతే "నేనెప్పట్నించో ఇలాగే కుడతాను" అని రాశారు, అబద్ధం. నాకు ఊరటగానూ ఉంది, ఇంకోరకం భయంగానూ ఉంది. ఒక్కో మూలా వచ్చినప్పుడల్లా, అయ్యో, వాళ్ళు వీళ్ళ షాపుకి వెళ్తే? అనుకున్నాను.

సాయంత్రం గళ్ళ చొక్కా ఒక్కడే వచ్చాడు. ఫోన్ చేతికిచ్చాను. నిలబడే చూశాడు, వేలితో పైకి తోస్తూ, తోస్తూ.

"ఇవన్నీ ఇవాళ్టివేగా" అన్నాడు. "నిన్న నేను వెళ్ళాక నేర్పావు."

అత్తయ్య మిషను చప్పుడు ఆగింది.

అంతలో అతని వేలు ఒకచోట నిలబడిపోయింది. పచ్చటి మందపాటి గుడ్డ మీద మూల, కొంచెం వంకరగా ఉంది. కింద రాసుంది: "ఇరవై ఏళ్ళుగా నేను కుట్టే మూల." పెట్టింది బటన్ల బాబాయ్.

గళ్ళ చొక్కా నా ముందే తన ఫోన్లోంచి ఆయనకి కలిపి స్పీకర్లో పెట్టాడు. "బాబాయ్, ఈ మూల నీకెప్పట్నించి వచ్చు?"

అవతల ఏదో నమలడం వినిపించింది. మా నాయకుడు, మా నాయకుడు అని గ్రూపులో గొంతు చించుకునే మనిషి. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"ఇరవై ఏళ్ళనుంచిరా. మార్కెట్లో ఏ టైలర్నడిగినా కుడతాడు. తినేవాణ్ణి దీనికోసమా లేపావు? పెట్టెయ్."

గళ్ళ చొక్కా నా ఫోన్ నాకు తిరిగిచ్చాడు. అత్తయ్య వైపు తిరిగాడు. "వంతెన వైపు వెళ్ళకమ్మా, ట్రాఫిక్ ఎక్కువ" అని చెప్పులేసుకుని పోయాడు. ఆ మాట హెచ్చరికో, ఎగతాళో తెలీదు. ఆరోజు నించి అత్తయ్య వంతెన వైపు వెళ్ళలేదు, మేం వెళ్ళనివ్వలేదు.

తర్వాత నేను బటన్ల బాబాయ్ కొట్టుకెళ్ళాను. "ఎందుకలా చెప్పావు బాబాయ్?" అన్నాను.

ఆయన బటన్ల డబ్బాలు సర్దుకుంటూ, "గ్రూపువాళ్ళతో రాజకీయాలు మాట్లాడకూడదు కదమ్మా" అన్నాడు. తలెత్తి చూడలేదు.

ఫలితాలొచ్చాయి. ఆ నాయకుడే గెలిచాడు. కాన్పుల వార్డుకి తాళం అలాగే ఉంది. బాణసంచా మోగినంతసేపూ మేం ముగ్గురం షట్టరు దించుకుని లోపల కూర్చున్నాం.

వానలు మొదలయ్యాక ఒక శుక్రవారం ఆటలో ఎవరో మూల ఫొటో పెట్టారు. ఎవరి చెయ్యి? అత్తయ్య నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, పెద్దది చేసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"నాదేనంటావా?"

"తెలీట్లేదత్తయ్యా."

"నాకూ తెలీట్లేదే" అంది.

ఆరోజే మొదటి రూలు కొట్టేశాను. కొట్టేసి జిప్పుకి రాశాను: "ఆ పోస్టు మళ్ళీ పెట్టమ్మా. ఈసారి ఎవరేమన్నా తియ్యను."

"ఇప్పుడెందుకక్కా."

"చెల్లి ఎలా ఉంది? పాపా, బాబా?" అప్పుడడగాల్సిన మాట ఇన్నాళ్ళకి అడిగాను.

చాలాసేపు రాస్తూ, ఆపుతూ ఉంది.

"చెల్లి బాగుందక్కా. పాప. ఆటోలోనే పోయింది. ఆ పోస్టు చివర్లో నేనడిగింది కుట్టు సంగతే. అంత చిన్నదాన్ని చుట్టడానికి గుడ్డ ఎంత కావాలని. నాకు బ్యాగుల కొలతలే తెలుసు కదా. మీ అత్తగారు నీ ఫోన్ నుంచే నాకు ఫోన్ చేశారు. కొలత చెప్తూ చెప్తూ, వద్దులే, నేనే కుట్టి పంపుతానన్నారు. మధ్యాహ్నానికే నర్సమ్మ తెచ్చిచ్చింది. నాలుగు మూలలూ అలాగే మడిచారు."

వెనక గదిలో అత్తయ్య మిషను నడుస్తూనే ఉంది. నేను ఆరోజు రెండు లైన్లే చదివాను.